బొమ్మ పక్కనే లెక్క కూడా వేలాడదీయండి

తిరుపతిలో సమకాలీన కళా సంత పెట్టడానికి పూనుకున్న కమిటీ పెద్దలకు,

నమస్కారం.

పోయిన నెల మీరు పెట్టిన సన్నాహక సమావేశానికి నేనూ వచ్చాను. వెనక వరసలో ఫ్యాను కింద కూర్చున్న ముసలాయన గుర్తున్నాడా? ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి, "స్టాలు అద్దె ఎంత, ఎవరు కట్టాలి" అన్నది నేనే. వేదిక మీద ఉన్న పెద్దమనిషి చిన్నగా నవ్వి, "ఈరోజు థీమ్ గురించి మాట్లాడుకుందాం సార్, డబ్బు సంగతులు తర్వాత" అన్నారు. వెనకాల కట్టిన బ్యానరు మీద మీ థీమ్ పెద్ద అక్షరాల్లో ఉంది: "కళ, డబ్బు". నాకు నవ్వాగలేదు. బయట టీ తాగుతుంటే మీ కమిటీలోని ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, "అంకుల్, మీరు చెప్పాలనుకున్నది రాసి పంపండి, అందరం చదువుతాం" అంది. ఆ మాట పట్టుకునే రాస్తున్నాను. అందరూ అంటే నిజంగా అందరూ చదవాలని బహిరంగంగా పెడుతున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ ఇంట్లో పుట్టాను. మా మేనమామ బొమ్మలు రాసేవాడు. మా ఇళ్లల్లో బొమ్మ గీశాడు అనరు, రాశాడు అంటారు. మా అమ్మ రంగులు నింపేది. నాకు మాత్రం చెయ్యి కుదరలేదు. నేను రాసిన హంస బాతులాగా వచ్చేది. ఒకరోజు మామ నా చేతిలోంచి వెదురు కలం లాక్కుని, "రేయ్ అబ్బోడా, నీకిది వద్దులే, పెన్ను పట్టుకో" అని లెక్కల పుస్తకం ఇచ్చాడు. పదో తరగతి నుంచి డిగ్రీ అయ్యేదాకా ఆ ఇంటి జమాఖర్చులు నావే. తర్వాత బ్యాంకులో గుమాస్తాగా చేరి, రిటైరై, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. కాబట్టి కళ గురించి నాకు తెలిసింది తక్కువ. కళ వెనకాల నడిచే డబ్బు గురించి మాత్రం కాస్త తెలుసు.

కలంకారీ ఎట్లా చేస్తారో కూడా నేను మామ చేతిని చూసి కాదు, ఖర్చుల పేజీ చూసి నేర్చుకున్నాను. గాడా గుడ్డ ఇంత. కరక్కాయలు ఇంత, బర్రె పాలు ఇంత: కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డ నానకపోతే కలం ఆనగానే రంగు పాకిపోతుంది. చింతపుల్లల బొగ్గుకు ఖర్చు లేదు, పొయ్యిలోంచే వచ్చేది. పాత ఇనుప ముక్కలు, బెల్లం: ఆ రెండూ నీళ్లకుండలో ఊరితే నల్లటి గీతకు కావలసిన కసిం తయారవుతుంది. పటిక, మంజిష్ఠ ఎరుపుకు. కరక్కాయ పువ్వు పసుపుకు. తర్వాత ఉతుకు. ఉతుకంటే బక్కెట్లో జాడించడం కాదు, పారే నీళ్లు కావాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేని ఏడాది బండి బాడుగ అని కొత్త పద్దు తెరవాల్సి వచ్చేది. ఏరు ఎండిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, పుస్తకంలోనే కనబడేది.

ఆ పుస్తకంలో ఒక పక్క ఖర్చు, ఇంకో పక్క జమ. ఖర్చు పక్క ఇరవై పద్దులుండేవి. జమ పక్క ఒక్కటే ఉండేది: ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు. గుడ్డ గడప దాటాక ఏమైందో రాయడానికి అందులో గడి లేదు. ఇన్నేళ్లకు నేను అడుగుతున్నది ఆ గడి గురించే.

మీ కరపత్రంలో ప్రపంచ కళా సంతల ప్రస్తావన బాగానే ఉంది. 1967లో జర్మనీలోని కొలోన్‌లో కొందరు గ్యాలరీల వాళ్లు కలిసి మొదలుపెట్టారు. 1970లో స్విట్జర్లాండులో బాసెల్ వాళ్లు అందుకున్నారు. ఆర్ట్ బాసెల్ అన్న ఆ పేరు తర్వాత మయామీకి, హాంకాంగుకు, పారిస్‌కు పాకింది. మన దేశంలో 2008లో ఢిల్లీలో ఇండియా ఆర్ట్ సమ్మిట్‌గా మొదలైంది ఇప్పుడు ఇండియా ఆర్ట్ ఫెయిర్ అయింది. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఎంత కళ అమ్ముడైందో అంచనా వేసే నివేదిక ఒకటి ఆర్ట్ బాసెల్, యూబీఎస్ బ్యాంకు కలిసి వేస్తాయి. 2024కు వాళ్లు చెప్పిన అంకె 5,750 కోట్ల డాలర్లు, అది కూడా అంతకుముందు ఏడాది కంటే 12 శాతం తగ్గాక. సంత పెట్టే సంస్థ, సంతకు డబ్బు పెట్టే బ్యాంకు, సంత బాగోగుల మీద నివేదిక వేసేది ఆ రెండే. బ్యాంకు మనిషిని కాబట్టి ఇందులో ముచ్చట నాకు తెలుసు.

కరపత్రంలో "దేశం నలుమూలల నుంచి కలెక్టర్లు వస్తారు" అని చదివి మా ఆవిడ, "అంతమంది జిల్లా కలెక్టర్లు ఒక్కసారే ఎందుకొస్తారండీ, ఏమైనా గొడవా?" అంది. బొమ్మలు సేకరించే వాళ్లను కూడా అట్లనే అంటారని చెప్పాను. "వాళ్లకూ బంగళాలుంటాయి కదా, తేడా ఏముందిలే" అనేసింది.

మీరు సంత అన్న మాట వాడినందుకు సంతోషం. ఫెయిర్ అంటే కాస్త దూరంగా ఉంటుంది గాని సంత అంటే మన జిల్లాల్లో పిల్లవాడికి కూడా తెలుసు. పశువుల సంతలో బేరం ఎట్లా జరుగుతుందో మీలో కొందరైనా చూసే ఉంటారు. ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. కింద వేళ్లు పట్టుకుని అంకెలు చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి నోటి మాట వినబడదు, ధర తెలియదు. పెద్ద కళా సంతల్లో జరిగేది సరిగ్గా ఇదే. తలుపులు తెరవడానికి ముందే పెద్ద కొనుగోలుదార్లకు బొమ్మల జాబితా మెయిల్లో వెళ్తుంది. మొదటి రోజు టికెట్టు కొనేవాళ్లకు కాదు, ఆహ్వానం ఉన్నవాళ్లకు. గోడ మీద బొమ్మ పక్కన పేరుంటుంది, ఏడాది ఉంటుంది, ధర ఉండదు. అడిగితే ముందు మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ఎద్దుల బేరానికీ దీనికీ తేడా తువ్వాలు ఒక్కటే.

కళాకారులు దీన్ని గమనించలేదని కాదు. డబ్బునే ముడిసరుకు చేసుకున్న కళాకారుల పేర్లు మీరు ఆరోజు తెర మీద చకచకా చూపించారు. ఇంటికొచ్చి నాకు తోచినట్టు చదువుకున్నాను. కొందరి మీద ప్రేమ పుట్టింది, కొందరి మీద లేదు.

అరటిపండు సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే హాల్లో అందరూ దానికే చప్పట్లు కొట్టారు. 2019లో మయామీ సంతలో మౌరిజియో కాటెలాన్ ఒక అరటిపండును గోడకు టేపుతో అతికించి 1,20,000 డాలర్లన్నాడు. 2024 నవంబరులో న్యూయార్కు వేలంలో దాని ధర కమిషన్‌తో కలిపి 62 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన హాంకాంగులో పత్రికల వాళ్ల ముందు తినేశాడు. ఆ వేలానికి పెట్టిన పండును ఆ పొద్దున వీధిలో ఒక పండ్ల బండి దగ్గర 35 సెంట్లకు కొన్నారట. జోకు బాగుంది. కానీ అది సంతకు వచ్చినవాళ్లను ఆటపట్టించే జోకు, వాళ్లకే అమ్మిన జోకు. పండ్లమ్మినాయన వాటా 35 సెంట్ల దగ్గరే ఆగింది. మన రైల్వే స్టేషను ముందు డజను అరటిపండ్లు బేరమాడి కొనే మనకు ఇందులో నవ్వడానికి అంత ఏముందో నాకైతే అర్థం కాలేదు.

బాగ్స్ అనే అమెరికా చిత్రకారుడు వేరు. జె.ఎస్.జి. బాగ్స్ కరెన్సీ నోట్లను ఒక వైపు మాత్రం చేత్తో అచ్చుగుద్దినట్టు గీసేవాడు. హోటల్లో తిని, "ఇది నేను గీసిన బొమ్మ, దీని మీద ఉన్న విలువకు తీసుకుంటారా?" అని అడిగేవాడు. ఒప్పుకుంటే రసీదు, చిల్లర తీసుకునేవాడు. తర్వాత ఆ రసీదును, చిల్లరను ఒక సేకర్తకు అమ్మేవాడు. ఆ సేకర్త వెళ్లి హోటలాయన్ను వెతికి పట్టుకుని నోటు కొనుక్కోవాలి. నోటు, రసీదు, చిల్లర అన్నీ ఒకచోట చేరితేనే అది ఆయన కళాఖండం. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కోర్టుకు లాగితే 1987లో లండన్ జ్యూరీ నిర్దోషి అంది. నేను కౌంటర్లో ఉండగా అట్లాంటి నోటు వస్తే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు: "కౌంటర్‌ఫీట్ నోట్" అని ముద్ర కొట్టి, రిజిస్టర్లో రాసి, తిరిగివ్వకుండా ఉంచేసేవాణ్ణి. అయినా ఆయనంటే నాకు గౌరవం. ఆ బొమ్మ కళాఖండం కావాలంటే చేతులు మారిన ప్రతి మెట్టుకూ కాగితం ఉండాలి. హోటలాయన కూడా అందులో భాగమే, మళ్లీ అమ్మేటప్పుడు ఆయనకూ డబ్బు ముడుతుంది.

ఫ్రాన్సులో ఎద్వార్ మానే అనే చిత్రకారుడి కథ ఒకటుంది. మా మామకు చెప్పి ఉంటే ఎగిరి గంతేసేవాడు. 1880లో మానే ఒక కట్ట ఆస్పరాగస్ కాడల బొమ్మ వేశాడు. మన పిల్లిపీచర జాతి కాడలే అవి. షార్ల్ ఎఫ్రుసి అనే ఆయనకు 800 ఫ్రాంకులకు బేరం కుదిరింది. ఎఫ్రుసి ఉదారంగా 1,000 పంపాడు. మానే ఊరుకోలేదు. ఒకే ఒక్క కాడను ఇంకో చిన్న గుడ్డ మీద గీసి, "మీ కట్టలో ఒకటి తక్కువైంది" అని రాసి పంపించాడు. కూరగాయలామె దగ్గర మనం తీసుకునే కొసరు ఇదే కదా! ఆ కొసరు కాడ బొమ్మ ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. కట్ట బొమ్మ కొలోన్‌లో ఉంది. అవును, మొదటి కళా సంత జరిగిన కొలోనే.

ఆ కట్టకు 1974లో రెండో కథ మొదలైంది. హాన్స్ హాకె అనే జర్మన్ కళాకారుణ్ణి కొలోన్ మ్యూజియం తన ప్రదర్శనకు ఏదైనా చేయమంది. ఆయన ఆ కాడల బొమ్మను మధ్యలో పెట్టి, చుట్టూ పది పలకలు తగిలిస్తానన్నాడు. ఒక్కో పలక మీద ఆ బొమ్మ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వాళ్ల పేరు, వృత్తి, ఆస్తిపాస్తులు, ధర తెలిసినచోట ధర. వాటిలో ఒక పలక, మ్యూజియానికి ఆ బొమ్మ చేర్చిన మిత్రమండలి పెద్ద హెర్మన్ అబ్స్ అనే బ్యాంకరుది. ఆయన నాజీల కాలంలో నిర్వహించిన పదవులు కూడా అందులో ఉన్నాయి. మ్యూజియం వద్దంది. హాకె దాన్ని అదే ఊళ్లో ఒక గ్యాలరీలో పెట్టాడు. అంతకు మూడేళ్ల ముందు, 1971లో, న్యూయార్కులో ఒక ఇళ్ల వ్యాపారి కుటుంబం ఆస్తుల చిట్టా తయారుచేసినందుకు గుగ్గన్‌హైమ్ మ్యూజియం ఆయన ప్రదర్శననే రద్దుచేసింది. నగ్న చిత్రాలు పెడితే గోడలు ఒప్పుకుంటాయి, జమాఖర్చులు పెడితే ఒప్పుకోవు. డబ్బు మీద మార్సెల్ దుషాంప్ 1919లో వేసిన కొంటె వేషం మాత్రం ఎవరికీ కోపం తెప్పించలేదు: పళ్ల డాక్టరుకు 115 డాలర్ల ఫీజుకు బదులు చేత్తో గీసిన చెక్కు ఇచ్చాడు. లేని బ్యాంకు మీద చెక్కు కాబట్టి ఎవరికీ నష్టం లేదు మరి. ఉన్న బ్యాంకరు పేరు రాసినందుకే హాకెకు తలుపు మూసుకుంది.

మన ఊరికి డబ్బు లెక్క, దేవుడు, బొమ్మ ఈ మూడూ కలిసి ఉండటం కొత్త కాదు. మన సామి పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఋణపత్రం రాసిచ్చాడని చెప్పుకుంటాం, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడంటాం. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. పెళ్లి అప్పుకు నోటు రాసి, సాక్షి సంతకాలు పెట్టించిన దేవుడు ఇంకెక్కడైనా ఉన్నాడా? భక్తులిచ్చిన తలనీలాలు వేలం వేస్తారు, వస్త్రాలు వేలం వేస్తారు. హుండీ లెక్కింపు, అదే పరకామణి, చాలా ఏళ్లు గుడి లోపలే అద్దాల వెనక జరిగేది. దర్శనం చేసుకుని బయటికొచ్చేవాడు నాణేల కుప్పలు చూసుకుంటూ వచ్చేవాడు. 1974లోనే లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ ఆషర్ అనే కళాకారుడు ఒక గ్యాలరీలో చేసింది దాదాపు ఇదే. బొమ్మలు పెట్టే గదికీ, యజమాని బల్ల ఉన్న ఆఫీసు గదికీ మధ్య గోడ తీయించేశాడు, అంతే. చూడటానికొచ్చినవాళ్లకు ఫోన్లు, ఫైళ్లు, బేరాలు కనబడ్డాయి. అదే ప్రదర్శన. గొప్ప సంచలనం అని పుస్తకాల్లో రాసుకున్నారు. మన తాతలకు చెబితే, "పరకామణి చూళ్లేదా నాయనా" అనేవాళ్లు.

ఇప్పుడు నా సొంత సంగతి. మామ రాసిన గుడ్డల్లో శ్రీనివాస కల్యాణం ఒకటి ఉండేది. దాంట్లో ఋణపత్రం ఘట్టం మామకు చాలా ఇష్టం. కుబేరుడి బొజ్జ మీద మా అమ్మ చేతి నుంచి ఒక పసుపు బొట్టు జారింది. కలంకారీలో తప్పు పడితే తుడిచేది ఉండదు. మామ కసురుతాడని భయపడి అమ్మ ఆ బొట్టు చుట్టూ ఇంకో ఏడు బొట్లు పెట్టి పతకం చేసేసింది. మామ చూసి, "కుబేరుడికి వడ్డీ ముట్టినట్టుందే" అన్నాడు. ఆ గుడ్డను పై ఊరి వ్యాపారి 18,500కు తీసుకెళ్లాడు. పుస్తకంలో నా చేతి రాతే.

చాలా ఏళ్ల తర్వాత ఒక మహానగరంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి కళా సంతకు నన్ను తీసుకెళ్లాడు. ఒక స్టాల్లో చెక్క చట్రంలో, దీపం వెలుగులో కుబేరుడు కనబడ్డాడు. బొజ్జ మీద ఎనిమిది బొట్ల పతకం. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పక్కన చీటీ మీద ఇంగ్లీషులో, అజ్ఞాత కళాకారులు, దక్షిణ భారతం, నూలు గుడ్డ మీద సహజ రంగులు అని ఉంది. మామ ప్రతి గుడ్డ కింది అంచులో కథ పేరు, తన పేరు తెలుగులో రాసేవాడు. చట్రం కట్టినవాళ్లు ఆ అంచును వెనక్కి మడిచేశారు. ధర అడిగితే అక్కడున్న కుర్రాడు నా చొక్కా వైపు చూశాడు. మా అబ్బాయి అడిగితే చెప్పాడు: 4,20,000.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ రాత్రి రైల్లో లెక్కల మనిషిలాగా కాగితం తీసుకుని కూర్చున్నాను. వ్యాపారి లాభం కొంత. ఇన్నేళ్లు గుడ్డను చెదలు పట్టకుండా దాచినందుకు కొంత. చట్రం, లారీ బాడుగ, ఇన్సూరెన్సు, కుర్రాడి జీతం, హోటలు గది. స్టాలు అద్దె చదరపు మీటరు లెక్కన కడతారు, పెద్ద సంతల్లో అది చిన్న మొత్తం కాదు. అమ్ముడవకపోతే ఇదంతా గ్యాలరీ నెత్తినే. సమకాలీన చిత్రకారులతో గ్యాలరీలు సాధారణంగా సగం సగం పంచుకుంటాయి, ఆ సగంలోంచే ఇవన్నీ కట్టాలి. మధ్యలో ఉన్నవాణ్ణి దొంగ అనేయడం తేలిక, నేను అనను. బ్యాంకులో నేను మధ్యలో ఉన్నవాణ్ణే కదా. కానీ కాగితం మీద లెక్క తేలలేదు, సగం గళ్లు ఖాళీగా మిగిలాయి. మామకు దక్కాల్సింది ఎంతో చెప్పలేను, ఏమీ దక్కకపోవడం న్యాయమో అన్యాయమో కూడా చెప్పలేను. ఆ రోజు నుంచి నన్ను తొలుస్తున్నది ఆ ఖాళీ గళ్లు.

చట్టం లేదా అంటే ఉంది. ఫ్రాన్సు 1920లోనే చిత్రకారుడికి పునర్విక్రయంలో వాటా ఇచ్చింది. అమెరికాలో 1973లో ఒక వేలంలో, రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1958లో 900 డాలర్లకు అమ్మిన బొమ్మ 85,000 పలికింది. ఆయన అక్కడికక్కడే అమ్మినాయనతో గొడవపడ్డాడు. అయినా ఆ దేశం మొత్తానికి వర్తించే అట్లాంటి హక్కు ఇప్పటికీ లేదు. 2025 మార్చిలో న్యూయార్కులో హుస్సేన్ వేసిన "గ్రామ యాత్ర" 1 కోటి 37 లక్షల డాలర్లు దాటింది. అది 1954లో ఒక డాక్టరు కొన్న బొమ్మ. ఆయన దాన్ని నార్వేలో ఒక ఆసుపత్రికి ఇచ్చేశాడు కాబట్టి ఆ డబ్బు వైద్యుల శిక్షణకు పోతోంది, మంచిదే. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో 53ఏ అని ఒక సెక్షను చేరింది. చిత్రం గాని శిల్పం గాని 10,000 రూపాయలకు మించి మళ్లీ అమ్ముడైతే అది చేసినవారికి, వారి వారసులకు వాటా అడిగే హక్కుంది, 10 శాతం మించకుండా. చదవగానే మా మామ పిల్లలకు ఫోను చేయబోయాను. తర్వాత మిగతా షరతు కూడా చదివాను. చేసినవారే మొదటి హక్కుదారు అయి ఉండాలి. అంటే ఒకరి దగ్గర జీతానికి చేసినవాళ్లకు రాదు. రోజు కూలికి రంగులు నింపిన మా అమ్మలాంటి ఆడవాళ్లు లెక్కలోకే రారు. కలంకారీ గుడ్డను చట్టం చిత్రం అంటుందా, చేతిపని అంటుందా? అజ్ఞాతం అని చీటీ తగిలించాక ఎవరు వచ్చి ఏమని అడగాలి?

భౌగోళిక గుర్తింపు ఉంది కదా అని వేదిక మీద ఒకాయన అన్నారు. ఉంది, 2005 నుంచి శ్రీకాళహస్తి కలంకారీకి ఉంది. అది ఊరి పేరును కాపాడుతుంది. అచ్చు వేసిన గుడ్డకు మా ఊరి పేరు పెట్టి అమ్మితే అడ్డుపడటానికి పనికొస్తుంది. ఊళ్లో మనిషి పేరును, మనిషి వాటాను అది పట్టించుకోదు. మన తీరం నుంచి ఓడలెక్కిన రంగు గుడ్డలకు యూరప్ ఎంత వెర్రెత్తిందంటే, వాళ్ల నేతగాళ్ల గోల భరించలేక 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు నిషేధాలు పెట్టాయి. రెండు రాజ్యాలను గడగడలాడించిన ఆ గుడ్డలు ఇప్పుడు వాళ్ల మ్యూజియాల్లో ఉన్నాయి. రాసినవాళ్ల పేరు మాత్రం వాటి మీద కనబడటం అరుదు. అజ్ఞాతం అనే చీటీ మాకు కొత్తగా అంటుకున్నది కాదు.

ఇక మిమ్మల్ని అడిగేది. హాకెను గురించి, ఆషర్‌ను గురించి తెర మీద చూపించి ఊరుకోకండి. వాళ్లు చేసింది మీ సంతలో చేయండి. గోడకు తగిలించిన ప్రతి బొమ్మ పక్కన పేరున్న చీటీ కింద ఇంకో చీటీ పెట్టండి. ధర ఎంత, చేసినవారికి ఎంత, గ్యాలరీకి ఎంత, స్టాలు అద్దెకు ఎంత. పాత బొమ్మయితే ఎవరి చేతుల మీదుగా వచ్చింది. కలంకారీ అయితే రాసినవారు ఎవరు, రంగు నింపినవారు ఎవరు, ఉతికినవారు ఎవరు. నలుగురి పేర్లు పడితే చీటీ కాస్త పెద్దదవుతుంది, అంతకంటే నష్టం లేదు. అంచు మడిచి చట్రం కట్టిన గుడ్డను లోపలికి రానివ్వకండి.

ధరలు బయటపెడితే పెద్ద కొనుగోలుదార్లు రారని మీలో ఒకరు తప్పకుండా అంటారు. కొండ మీద ఆర్జిత సేవల ధరలన్నీ ఎప్పటి నుంచో బయటే ఉన్నాయి. జనం తగ్గారా?

స్టాలు అద్దె ముందే కట్టమంటే కాళహస్తి నుంచి, మాధవమాల నుంచి ఒక్కరూ రారు. మాధవమాల కొయ్యబొమ్మల వాళ్లకు చెక్క కొనడానికే అప్పు కావాలి. అమ్ముడైతేనే అద్దె, అమ్మిన దాంట్లో ఇంత శాతం అని పెట్టండి. నష్టం మీరూ కొంత మోయండి. మోయలేమంటే ఎంతవరకు మోయగలరో లెక్క చూపించండి, నేను వచ్చి కూర్చుంటాను. ఈ పనికి నాకు జీతం వద్దు, మధ్యాహ్నం సాంబారన్నం చాలు.

మళ్లీ అమ్మినప్పుడు వాటా సంగతి కోర్టుల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. న్యూయార్కులో సెథ్ సీగెలౌబ్ అనే ఆయన ఒక లాయరు సాయంతో 1971లోనే ఒక ఒప్పంద పత్రం అచ్చువేసి అందరికీ పంచాడు. బొమ్మ మళ్లీ అమ్ముడైతే పెరిగిన ధరలో 15 శాతం కళాకారుడికి ఇవ్వాలని కొన్నవాడే సంతకం పెట్టాలి. చాలామంది కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారన్నది నిజమే. కానీ వాడినవాళ్లున్నారు, హాకె అందులో ఒకరు. అట్లాంటిది ఒక పేజీలో తెలుగులో, మామూలు మాటల్లో తయారుచేయించండి. రెండు సాక్షి సంతకాలకు చోటు వదలండి. రావిచెట్టు దొరక్కపోతే మీ కమిటీలో ఇద్దరు పెట్టండి.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలుకుంటున్నాను. లోపల ఏసీ హాల్లో సమకాలీన కళ, బయట గేటు దగ్గర షామియానా కింద కలంకారీ "లైవ్ డెమో" అని పెట్టకండి. ఎన్ని ఉత్సవాల్లో చూశానో. నేల మీద చాప, దాని మీద ఒక ముసలామె కలం పట్టుకుని కూర్చుంటుంది. సెల్ఫీ తీసుకునేవాళ్ల నీడ గుడ్డ మీద పడుతుంటే పక్కకు జరగమని కూడా అనదు. ఆమెకు దినబత్తెం ఇస్తారు, భోజనం కూపను ఇస్తారు. బరోడాలో ఉండే లావణ్య మణి అనే సమకాలీన చిత్రకారిణి ఇదే కలంకారీ పద్ధతితో, ఇవే మొక్కల రంగులతో గుడ్డల మీద తన బొమ్మలు వేస్తుంది. వాటిని గ్యాలరీల్లో పెడతారు, పెట్టాలి కూడా. అదే కలం, అదే కరక్కాయ. ఒకరికి గోడ, ఒకరికి చాప ఎందుకో మీ థీమ్ జవాబు చెప్పాలి. మా ఊరి జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, పెద్ద సంగతి, గర్వంగా ఉంది. ఆ తర్వాత కూడా చాప చాపగానే ఉంది.

మామ లెక్కల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ట్రంకుపెట్టెలో, కర్పూరం ఉండల మధ్య. శ్రీనివాస కల్యాణం పద్దు ఉన్న పేజీకి దారం పెట్టి ఉంచాను. 18,500 అని జమ, దాని పక్కన నా తొందర రాత. మీ సంతకు దాన్ని తీసుకొస్తాను. ఆ పేజీ తెరిచి పెట్టుకోవడానికి ఒక చిన్న బల్ల, కూర్చోవడానికి ఒక స్టూలు ఇవ్వండి, హాలు లోపల. దానికి అద్దె ఎంతో మాత్రం ముందే చెప్పండి, ఆరోజు అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
కాళహస్తి అద్దకం ఇంటి మనిషి,
విశ్రాంత బ్యాంకు గుమాస్తా,
తిరుపతి.